అంచున వంగిన వెలుగు

ల్యాబులో అట్టలతో కట్టిన గోడ వెనుక ఫరీదా ఒక దీపం వెలిగించి, దాని ముందు తానే నిలబడి చేయి ఊపింది. గోడకు ఇవతల కూర్చున్న ఓదెలుకు ఆమె కనబడే వీలు లేదు. అతని ముందున్న యంత్రానికీ లేదు. దానికి కనబడేదల్లా ఆ గోడ అంచు ఒక్కటే. అయినా తెరమీద పొగతో చేసినట్టున్న ఒక ఆకారం మెల్లగా తేలి, చేయి పైకెత్తి ఊపింది.

"వచ్చిందా?" అని అరిచింది ఫరీదా.

"వచ్చింది మేడమ్! చెయ్యి కూడా వచ్చింది!"

ఆవిడ పరుగున ఇవతలికి వచ్చి తెర చూసింది. ఏళ్ల తరబడి ఆ ల్యాబును నడుపుతున్న మనిషి, ఎప్పుడూ గొంతు పెంచనిది, ఆ రోజు చప్పట్లు కొట్టి నవ్వింది.

నీళ్ల తొట్టిలో లేచిన అల ఒక రాయిని తాకితే అక్కడే ఆగిపోదు. రాయి పక్కనుంచి కాస్త వంగి వెనక్కు కూడా పాకుతుంది. వెలుగూ అల కాబట్టి అంచు దగ్గర అదీ వంగుతుంది. కాకపోతే ఆ వంపు చాలా చిన్నది, మన కంటికి అందదు. ఓదెలు యంత్రం ఆ వంగిన వెలుగును పోగుచేసి, అందులోని సన్నని వెలుగు చారలను, చీకటి చారలను లెక్కగట్టి, అది ఏ ఆకారాన్ని తాకి వచ్చిందో బొమ్మ గీస్తుంది. కదలని వస్తువులను తీసేసి, కదిలే మనుషులను మాత్రమే చూపిస్తుంది. ల్యాబులో దానికి అంచుచూపు అని పేరు పెట్టుకున్నారు.

ఓదెలు దాన్ని ఎందుకు తలకెత్తుకున్నాడో అక్కడ అందరికీ తెలుసు. అతని తండ్రి బొగ్గుగనిలో పనిచేశాడు. తమ్ముడు కొమురయ్యా ఆ పనికే వెళ్లాడు. మూడేళ్ల క్రితం నల్లగుట్ట గనిలో పైకప్పు కూలి, కొమురయ్య కొందరు తోటివాళ్లతో బండల వెనుక చిక్కుకున్నాడు. లోపలివాళ్లు బండలు కొడుతున్న చప్పుడు బయటికి వినబడుతూనే ఉంది. గనిలో చప్పుడు ఎటునుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు, అన్ని గోడలూ మోగుతాయి. ముందు ఒకవైపు తవ్వారు. తప్పని తెలిసి రెండోవైపు తవ్వారు. కొమురయ్య బతికి బయటికొచ్చాడు. మిగిలినవాళ్లు రాలేదు. వాళ్ల నెత్తిమీది దీపాలు చివరిదాకా వెలుగుతూనే ఉన్నాయని అతను చెప్పినప్పుడు, ఓదెలుకు ఈ యంత్రం ఆలోచన వచ్చింది.

అప్పటినుంచి కొమురయ్య హైదరాబాదులో అన్న ఇంట్లోనే ఉంటున్నాడు. ఎక్కువగా మాట్లాడడు. తన గది తలుపు పూర్తిగా మూయనివ్వడు, పూర్తిగా తెరవనివ్వడు. ఓదెలు భార్య సుగుణ బస్తీ దవాఖానాలో నర్సు. మరిదికి అన్నం పెట్టేదీ మందులిచ్చేదీ ఆమే.

ఒకసారి కొమురయ్యే అడిగాడు. "నువ్వు కట్టే మిషిన్ ఏం జేస్తదన్నా?"

"రెండు వేళ్లు దగ్గర పెట్టు తమ్మీ. ఇంకా దగ్గర. ఆ సందులకెల్లి ట్యూబులైటు సూడు."

కొమురయ్య ఒక కన్ను మూసి చూశాడు. "నల్ల గీతలు కనవడుతున్నయ్. వెంట్రుకల్లెక్క."

"అవి నీ వేళ్లయి గావు. వెలుగు వంగి దాన్ని అదే కొట్టేసుకున్న జాగలు. వాటిని చదువుతది మిషిన్."

"బండెనుక మనిషిని గూడ చదువుతదా?"

"చదువుతది."

కొమురయ్య చాలాసేపు వేళ్ల సందులోంచి అలాగే చూశాడు.

ల్యాబులో పరీక్షలు బాగా వస్తున్న రోజుల్లో ఓదెలు ఒక యంత్రాన్ని ఇంటికి తెచ్చాడు. అట్టగోడలు వేరు, మనుషులు తిరిగే నిజమైన గదులు వేరు అనుకున్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ దాన్ని హాల్లో ఎటు తిప్పి పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, అతని చేతులు నేరుగా తమ్ముడి గది తలుపు వైపే తిప్పాయి. ఆదివారం మధ్యాహ్నాలు సుగుణ టీ తీసుకుని ఆ గదిలోకి వెళ్లి చాలాసేపటిదాకా బయటికి రాదు. ఏం మాట్లాడుకుంటారని అతను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాల్సిన పని కూడా లేదనిపించింది.

తలుపు అంచున వంగిన వెలుగు తెరమీద రెండు పొగ ఆకారాలుగా తేలింది. గదిలో ఎడమవైపు మంచం, కుడివైపు స్టూలు ఉంటాయని ఓదెలుకు తెలుసు. స్టూలు దగ్గరి ఆకారం వణుకుతోంది. మంచం దగ్గరి ఆకారం దానిమీదికి వంగి, రెండు చేతులతో భుజాలు పట్టి అదుముతోంది. చాలాసేపు అలాగే అదిమిపట్టింది.

మంచం తమ్ముడిది, అదుముతున్నది వాడే, వణుకుతున్నది సుగుణే అనుకున్నాడు ఓదెలు. సుగుణ బయటికొచ్చినప్పుడు మణికట్టు మీద ఎర్రటి గుర్తులున్నాయి. ఆమె కొంగుతో కప్పుకుని వంటింట్లోకి పోయింది.

అతను ఏమీ అడగలేదు. ఇంకోసారి చూసి నిర్ధారించుకుందామనుకున్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ చూశాడు. అదే దృశ్యం. ఆ పై ఆదివారం కూడా చూశాడు. చూస్తున్నంతసేపూ చెవుల్లో రక్తం హోరెత్తేది, కానీ కుర్చీలోంచి లేవలేదు. లేస్తే ఏం చేయాలో, ఏ మొహంతో తలుపు తోయాలో, తనకెలా తెలిసిందని ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

చివరికి ఒక దారి దొరికింది. నల్లగుట్ట గని ఆఫీసులో తెలిసినవాళ్లతో మాట్లాడి, పైన దీపాల గదిలో కొమురయ్యకు తేలికపాటి పని ఇప్పించాడు. గనిలోకి దిగనక్కరలేదు. దిగేవాళ్లకు దీపాలు అందిస్తే చాలు.

"క్వార్టర్ గూడ ఇస్తరంట తమ్మీ. ఎన్ని రోజులని ఈడ ఊకె కూసుంటవ్?"

కొమురయ్య అన్న మొహంలోకి చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. "పొమ్మంటున్నవా అన్నా?"

"పొమ్మంట లేను. పని దొరికిందంటున్న."

"సరే," అన్నాడు కొమురయ్య. వెళ్లి బట్టలు సర్దుకున్నాడు.

సుగుణ మాత్రం గొడవ పడింది. "ఆడ ఎవరు సూసుకుంటరు ఆయనను? నువ్వు సూస్తవా?" అని నిలదీసింది. ఆమె కోపం కూడా ఓదెలుకు భయంలాగే కనబడింది. కొట్టినవాణ్ణి కూడా వెనకేసుకొస్తోందనుకున్నాడు. ఆమెమీద జాలిపడ్డాడు. ఆ జాలి తలుచుకుంటే తర్వాతి రోజుల్లో అతనికి అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసేది.

అంచుచూపును పరీక్ష కోసం నల్లగుట్ట గనికే ఇచ్చారు. రక్షక బృందానికి దాన్ని వాడటం నేర్పి ఫరీదా తిరిగొచ్చింది. కొద్ది రోజులకే గని నుంచి సుగుణకు ఫోను వచ్చింది. దీపాల గదిలో కొమురయ్య వణికి కిందపడ్డాడు, తల పగిలింది, కుట్లు వేశారు. ఫోను పెట్టేసి సుగుణ సంచిలో చీరలు కుక్కడం మొదలుపెట్టింది.

"ఏమైంది వానికి?" అన్నాడు ఓదెలు.

"ఏమైందా? మూడేండ్ల సంది అయితున్నదే అయ్యింది." ఇంకో చీర సంచిలోకి కుక్కింది. "మంచం మీద కూసున్నోడు కూసున్నట్టే వణుకుడు షురువైతది. సప్పుడు బయటికి రావద్దని తువ్వాల నోట్ల కుక్కుకుంటడు. నేను స్టూలు మీదికెల్లి వంగి రెండు భుజాలు గట్టిగ పట్టుకుంట. వణుకు ఆగేదాక ఇడువ. నా మణికట్లు పట్టుకుంటడు, ఊడిపోతయేమో అన్నంత గట్టిగ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పద్దన్నడు. నా కోసమే అన్న ఆ మిషిన్ కడుతున్నడు వదినె, నేనింకా గిట్లనే ఉన్నని తెలిస్తే ఆయన పని మీద మనసు పెట్టడు అన్నడు. మా డాక్టరమ్మతోని మందులిప్పిస్తున్న. తగ్గుతుండె గూడ. గప్పుడే పంపిస్తివి."

ఓదెలు గోడకు ఆనుకున్నాడు. తెరమీద భుజాలు పట్టుకున్నది మంచం దగ్గరి ఆకారం. "నువ్వు స్టూలు మీద కూసునేదానివా? మంచం మీద గాదా?"

సుగుణ అతన్ని వింతగా చూసింది. "ఆయన మంచం మీద నేనెందుకు కూసుంట?" అని సంచి భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

అతను ల్యాబుకు పరిగెత్తాడు. ఇంట్లో తీసిన బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి, దానినుంచి అంచు దగ్గర ఎలాంటి చారలు పుట్టాలో లెక్కగట్టాడు. అవే చారలు వచ్చాయి. వెంట్రుకవాసి తేడా లేదు. కెమెరాకు అల ఎంత బలంగా వచ్చిందో తెలుస్తుంది. లేస్తూ వచ్చిందో, పడుతూ వచ్చిందో తెలియదు. ఆ పోయిన సగాన్ని ప్రోగ్రాము ఊహించుకుని పూరిస్తుంది. నిజం బొమ్మకూ దాని అద్దపు బొమ్మకూ ఒకే చారలు వస్తే, ముందు ఏది తగిలితే దాన్నే చూపిస్తుంది. ల్యాబు పరీక్షల్లో ఇది బయటపడలేదు. ఎందుకంటే ల్యాబులో మనిషి ఎటున్నాడో వాళ్లకు ముందే తెలుసు, ప్రోగ్రాముకు ఆ వైపునుంచే మొదలుపెట్టమని వాళ్లే చెప్పేవారు. ఇంట్లో అతనేమీ చెప్పలేదు.

మర్నాడు ఫరీదాతో అన్నాడు. "మేడమ్, బొమ్మ కుడి ఎడమలు తారుమారయ్యే అవకాశం ఉందేమోనని నా అనుమానం."

"ఎన్ని పరీక్షలు చేశాం ఓదెలు గారూ! ఒక్కసారి కూడా తప్పలేదు కదా. మీకు ఎక్కడ తప్పింది?"

చెప్పడానికి అతను నోరు తెరిచాడు. మా ఇంట్లో, తలుపు చాటునుంచి, నా భార్యను చూస్తుంటే తప్పింది. చెప్పాల్సిన మాటలు అవి.

"ఎక్కడా కాదు. ఊరికే లెక్క వేసి చూశాను."

"అయితే తీరిగ్గా చూద్దాం. అనుమానమని గనివాళ్లకు రాస్తే యంత్రాన్నే పక్కన పడేస్తారు."

ఓదెలు తలూపాడు. ఏదైనా జరిగితే అప్పుడు చెప్పవచ్చులే అనుకున్నాడు.

ఆ వారంలోనే జరిగింది. పొద్దుటి షిఫ్టులో నల్లగుట్ట గని పైకప్పు మళ్లీ కూలింది. సారయ్య, మొగిలి అనే ఇద్దరు కార్మికులు బండల వెనుక ఉండిపోయారు. కబురందగానే ఫరీదా, ఓదెలు జీపులో బయలుదేరారు. వాళ్లు చేరేసరికి రక్షక బృందం అంచుచూపును కిందికి తీసుకెళ్లి, కూలిన బండల పైసందులో నిలిపింది. దాని బొమ్మ తీగ గుండా పైనున్న ఆఫీసు గదికి వస్తోంది. గని మేనేజరు, నలుగురైదుగురు అధికారులు తెర ముందు గుమిగూడి ఉన్నారు. తలకు కట్టుతో కొమురయ్య గుమ్మం దగ్గర నిలబడి, దిగబోయే వాళ్లకు దీపాలు అందిస్తున్నాడు. అన్నను చూసి చిన్నగా తలూపాడు.

బండల వెనుక సొరంగం ఒక బొగ్గు దిమ్మెను చుట్టి రెండుగా చీలుతుంది. తెరమీద రెండు పొగ ఆకారాలు ఎడమ దారిలో కదులుతున్నాయి.

"ఎడమ," అన్నాడు మేనేజరు. "నమ్మొచ్చా మేడమ్?"

"నమ్మొచ్చు," అంది ఫరీదా.

మేనేజరు ఓదెలు వైపు చూశాడు. "మీరేమంటరు సార్?"

చెబితే ఎలా తెలిసిందని అడుగుతారు. గుమ్మంలో కొమురయ్య ఉన్నాడు. తెరమీది బొమ్మ నిజం కావడానికి కూడా అంతే అవకాశం ఉంది కదా అని ఓదెలు తనకు తాను చెప్పుకున్నాడు. తలూపాడు.

ఎడమవైపు తవ్వడం మొదలైంది. అతను కుర్చీలో కూర్చున్నాడు. కిందినుంచి మాటలు వస్తున్నాయి, బండ పడగొట్టినం, ఇంకో బండ అడ్డమొచ్చింది, ఇంకా గాలి తగలలేదు అని. పొద్దు వాలింది. తెరమీద రెండో ఆకారం కదలడం తగ్గింది. కాసేపటికి పూర్తిగా మాయమైంది. యంత్రం కదిలేవాళ్లనే చూపిస్తుంది.

"ఒకడు కనబడ్తలేడు," అన్నాడొక అధికారి నెమ్మదిగా.

ఓదెలు లేచి నిలబడ్డాడు. "వాళ్లు కుడివైపు ఉండొచ్చు."

అందరూ తిరిగారు.

"బొమ్మ తిరగబడొచ్చు. ఒక్క అంచునుంచి చూస్తే కుడి ఎడమలు తెలియవు. యంత్రాన్ని దిమ్మె అవతలి అంచు కనబడే చోటికి మార్చి ఇంకో బొమ్మ తీయాలి. రెండూ ఎక్కడ కలిస్తే అది నిజం. వెంటనే మార్పించండి."

"ఇప్పుడు చెప్తున్నరా?" అన్నాడు మేనేజరు. "ఎట్ల తెలిసింది మీకు?"

"మిషిన్‌ను ఇంటికి తీసుకుపోయిన." ఓదెలుకు తన గొంతు ఎవరిదో అనిపించింది. "మూడు ఆదివారాలు మా తమ్ముని గది తలుపు చాటునుంచి లోపలికి చూసిన. మా తమ్ముడు నా భార్యను కొడుతున్నట్టు కనబడ్డది. నమ్మి వాణ్ణి ఇంట్లకెల్లి పంపేసిన. తర్వాత తెలిసింది, బొమ్మ తిరగబడ్డదని. వణికింది వాడు. పట్టుకున్నది ఆమె."

 మేనేజరు ఫోను అందుకుని యంత్రం మార్చమని కిందికి చెప్పాడు. ఫరీదా ఓదెలు దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో అడిగింది.

"ఆ రోజు ల్యాబులో నేనడిగినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్."

ఆవిడ అవతలికి వెళ్లి తెర ముందు నిలబడింది.

గుమ్మంలో కొమురయ్య దీపం ఒకటి చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. ఓదెలు అతని వైపు చూడలేక, చూడకుండా ఉండలేక, చివరికి తలెత్తాడు.

"అడిగితే జెప్పెటోన్ని గదన్నా," అన్నాడు కొమురయ్య. చేతిలోని దీపాన్ని వరుసలో ఉన్న మనిషికి అందించి, ఇంకో దీపం తీసుకున్నాడు.

రెండో అంచునుంచి తీసిన బొమ్మ కుడివైపు చూపించింది. కుడివైపు బండలు పలుచగా ఉన్నాయి. ఒక పూట పడుతుందనుకున్న తవ్వకం తొందరగానే పూర్తయింది. మొగిలి తన కాళ్లమీద నడిచి బయటికొచ్చాడు. సారయ్యను స్ట్రెచర్ మీద తెచ్చి, మొహం కప్పారు. తొడకు తగిలిన గాయంనుంచి రక్తం కారి కారి పోయాడని, కాస్త ముందు చేరి ఉంటే దక్కేవాడని గని డాక్టరు చెప్పాడు. అలా చెబుతూ అతను ఎవరివైపూ చూడలేదు. సారయ్య భార్య బయట సిమెంటు మెట్లమీద కూర్చుని ఉంది. ఓదెలు ఆమె దగ్గరిదాకా వెళ్లాడు. ఆమె తలెత్తి, తన భర్తను కాపాడ్డానికి పట్నంనుంచి వచ్చిన సార్లలో ఇతనొకడనుకుని, రెండు చేతులూ జోడించింది. ఓదెలు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "వద్దమ్మా, నాకు దండం పెట్టకు, నేను ముందే చెప్పి ఉంటే ఆయన బతికేటోడు," అన్నాడు. ఆమెకు ఆ మాటలు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు వెనక్కు లాక్కుంది.

ఫరీదా ఒక్కతే జీపెక్కింది. వెళ్లేముందు అంది. "ఇకనుంచి ఈ యంత్రం రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించాలి. ఏది నిజమో తేలేదాకా అది ఏ ఒక్కదాన్నీ చెప్పకూడదు. ఆ మార్పు మీరే చేయండి. మీ పేరుతోనే, ఎందుకు చేశారో కూడా రాసి." అతను సరేనన్నాడు.

కొమురయ్య క్వార్టరు గనికి దగ్గర్లోనే ఉంది. ఓదెలు నడుచుకుంటూ వెళ్లేసరికి గనిలో జరిగినదంతా అతనికంటే ముందే అక్కడికి చేరింది. చిన్న ఊరు అది. సుగుణ వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"మూడు ఆదివారాలు సూసినవట."

"ఊఁ."

"సూస్తే ఆయన నన్ను కొడుతున్నట్టు కనబడ్డదట."

"తప్పయింది సుగుణా. మిషిన్ తిరగేసి చూపించింది, నేను..."

"మిషిన్ సంగతి నాకెందుకు?" ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టు ఉంది. "నన్ను కొడుతున్నడనే అనుకున్నవ్ గద. నీ కండ్ల ముందట నేను దెబ్బలు తింటున్ననని అనుకున్నవ్. తలుపు ఆడనే ఉన్నది. తెరిచే ఉన్నది. ఎందుకు రాలేదు లోపలికి?"

ఓదెలు గనిలో అందరి ముందూ చెప్పుకున్నప్పుడు తన తప్పంతా చెప్పేశానని అనుకున్నాడు. ఈ తప్పు అతని లెక్కలోనే లేదు. ఆ హాలు, ఆ కుర్చీ, తెరమీద ఒకరిమీద ఒకరు వంగిన రెండు ఆకారాలు, తన చెవుల్లో హోరు గుర్తొచ్చాయి. లేవాలని ఒక్కసారైనా అనిపించిందా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు.

"ఇంకొంచెం సూస్తే... తెలుస్తదనుకున్న," అన్నాడు.

సుగుణ లోపలికి వెళ్లింది. లోపల కొమురయ్య డ్యూటీ బట్టల్లోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భుజాలు అప్పుడే వణకడం మొదలుపెట్టాయి. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుంది. తలుపు సగం తెరిచే ఉంది. ఓదెలు వాకిట్లో నిలబడి, లోపలికి పోవచ్చో లేదో తెలియక, మొదటిసారి కళ్లు కిందికి దించుకున్నాడు.